అరవై మందికి ఇద్దరు చాలా? దిశ సమావేశానికి ఇవ్వాల్సిన వినతిపత్రం గురించి

కందుకూరు_బ్యారన్
(చర్చ ప్రారంభించినవారు)

వచ్చే నెల జిల్లా దిశ సమావేశం ఉందట. ఎంపీ అధ్యక్షతన జరుగుతుంది కాబట్టి కేంద్రం డబ్బుతో నడిచే పథకాలన్నీ అక్కడ చర్చకు వస్తాయి, బడులకు కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బిచ్చే సమగ్ర శిక్షతో సహా. మా ఊరి బడి తల్లిదండ్రుల కమిటీలో నేనొక సభ్యుడిని. వినతిపత్రం రాద్దామని మొన్న రచ్చబండ దగ్గర కూర్చుంటే పదిహేడు డిమాండ్లు తేలాయి. ప్రహరీ గోడ దగ్గర మొదలై జాతీయ విద్యా విధానం దాకా వెళ్లాయి. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఒక్కటే మాట అంది: "పదిహేడు అడిగితే పదిహేడూ పోతాయి."

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఒక్కటే అడగాల్సి వస్తే ఏది అడగాలి?

మా బడి సంగతి చెబుతాను. అయిదు తరగతులు, 41 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. పొగాకు పని లేని రోజు మా అబ్బాయి మరిచిపోయిన నీళ్ల సీసా ఇవ్వడానికి వెళ్లి కిటికీ దగ్గర పది నిమిషాలు నిలబడ్డాను. ఒక టీచర్ శిక్షణకు వెళ్లారు. ఉన్న ఒక్కరూ నల్లబల్లను సుద్దముక్కతో నిలువుగా రెండుగా చీల్చి, ఎడమవైపు అయిదో తరగతికి భిన్నాలు, కుడివైపు రెండో తరగతికి గుణింతాలు రాస్తున్నారు. ఒకటో తరగతి పిల్లలు వెనక చాప మీద పలకలతో ఒకరి నెత్తిన ఒకరు కొట్టుకుంటున్నారు. మూడు, నాలుగు తరగతుల పిల్లలు ఏమి చేస్తున్నారో నాకు అర్థం కాలేదు, వాళ్లకూ అర్థమైనట్టు లేదు. ఆ టీచర్ మీద నాకు కోపం లేదు. మనిషికి చేతులు రెండే కదా.

కావలి_నాన్న

అన్నా, కొత్త విషయం ఏముంది ఇందులో? మావాడిని అందుకే ప్రైవేటులో చేర్చాను. ఫీజు కట్టేటప్పుడు పళ్లు కొరుక్కుంటాను గానీ తరగతికి ఒక మనిషి ఉన్నారనే ధైర్యం ఉంది. వాళ్లు ఏమి చదివారో, ఎంత జీతం తీసుకుంటారో నేనూ అడగను, వాళ్లూ చెప్పరు.

మెట్ట_మాస్టారు

కావలి నాన్న గారూ, మీ మాటలోనే అసలు విషయం ఉంది. మీరు డబ్బు కడుతున్నది ఇంగ్లిషు మీడియానికో, టై బెల్టులకో కాదు, తరగతికొక మనిషి ఉండటానికి. ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలో 33 ఏళ్లు ఎస్జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా పనిచేశాను, అందులో పదకొండేళ్లు ఏకోపాధ్యాయ పాఠశాలల్లోనే. పిల్లలను ప్రైవేటుకు మార్చిన తల్లిదండ్రులను టీసీ ఇచ్చేటప్పుడు అడిగేవాణ్ని, ఎందుకు తీసుకుపోతున్నారని. "మీరు మంచివారే సార్, కానీ ఒక్కరే కదా" అనేవాళ్లు. మీడియం గురించి ఎత్తినవాళ్లు తక్కువ.

ఇప్పుడు చట్టంలో ఏముందో చూడండి. 2009 విద్యాహక్కు చట్టం చివర ఒక షెడ్యూలు ఉంది. ఒకటి నుంచి అయిదో తరగతి వరకు 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 వరకు ముగ్గురు. 91 నుంచి 120 వరకు నలుగురు. అయిదుగురు టీచర్లు రావాలంటే 121 మంది ఉండాలి. మన మెట్ట గ్రామాల్లో ఒక్క ఊరి ప్రాథమిక పాఠశాలలో 121 మంది ఎక్కడుంటారు?

అదే షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు మాత్రం "తరగతికి కనీసం ఒక టీచర్" అని స్పష్టంగా ఉంది. పన్నెండేళ్ల పిల్లవాడికి ఉన్న హక్కు ఆరేళ్ల పిల్లకు లేదు. అక్షరం అంటించాల్సిన వయసులో తలలు లెక్కపెడతారు, అక్షరం వచ్చిన తర్వాత తరగతులు లెక్కపెడతారు. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం దీన్ని ప్రభుత్వం పిసినారితనం అనుకున్నాను. పదవీ విరమణ తర్వాత తీరిగ్గా చదివితే, అన్యాయం చట్టంలోనే రాసి ఉందని తెలిసింది.

కనిగిరి_కోడలు

మాస్టారూ, ఇది నాకు తెలియనే తెలియదు. మా బడిలో 58 మంది, ఇద్దరు టీచర్లు. అడిగితే "నిబంధన ప్రకారం సరిపోయారమ్మా" అని పంపేస్తారు. అబద్ధం చెబుతున్నారని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. నిజమే చెబుతున్నారన్నమాట.

లెక్కల_మనిషి

నాకు తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నాను. తరగతికొక టీచర్ అంటే వినడానికి బాగుంటుంది. 12 మంది పిల్లలున్న బడికి అయిదుగురు టీచర్లా? ఎవరి డబ్బు అది? ఆ 12 మందిని కిలోమీటరు దూరంలోని బడికి ఆటోలో పంపితే ఖర్చు తగ్గుతుంది, పిల్లలకు తోడూ దొరుకుతుంది. పిల్లలు లేని బడిని కాపాడటం బడి భవనానికి మేలు గానీ పిల్లలకు కాదు.

కనిగిరి_కోడలు

ఆ ప్రయోగం చేసి చూశారు కదా సార్. 2022లో 117వ జీవో తెచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లలో కలిపారు. మా చిన్నదానికి అప్పుడు ఎనిమిదేళ్లు. మధ్యలో రోడ్డు దాటాలి, గ్రానైటు లారీలు తిరిగే రోడ్డు. నేను పొలం మానుకుని దిగబెట్టాలి, తీసుకురావాలి. రెండు నెలలు చేశాను. పక్కింటావిడ మూడో వారానికే ప్రైవేటు బస్సు ఎక్కించేసింది, అది గుమ్మం ముందు ఆగుతుంది మరి. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. బస్సెక్కిన పిల్లలు మాత్రం వెనక్కి రాలేదు.

మెట్ట_మాస్టారు

న్యాయంగా మాట్లాడితే, 117 జీవోలో ఒక మంచి ఆలోచన ఉంది. మూడో తరగతి పిల్లవాడికి లెక్కలు చెప్పే మనిషి వేరు, తెలుగు చెప్పే మనిషి వేరు. కొన్నిచోట్ల అది నిజంగా జరిగింది కూడా. కానీ ఊళ్లో మిగిలిపోయిన ఒకటి, రెండు తరగతులు ఒక్క టీచర్ చేతిలో పడ్డాయి. ఆ తరగతులు బలహీనపడితే మూడో తరగతికి ఎవరొచ్చి ఏమి చెబుతారు?

2025లో వచ్చిన మార్పులో మోడల్ ప్రాథమిక పాఠశాలలు పెట్టి, వాటిలో తరగతికొక టీచర్ అన్నారు. అంటే ఆ సూత్రం సరైనదని రాష్ట్రం ఒప్పుకున్నట్టే. కాకపోతే పిల్లల సంఖ్య ఉన్నచోటే ఆ భాగ్యం.

లెక్కల_మనిషి

సూత్రాన్ని రాష్ట్రం ఒప్పుకుంటే ఎంపీ దగ్గరికి ఎందుకు? జిల్లా విద్యాశాఖాధికారి దగ్గరికి వెళ్లండి.

ఒంగోలు_నల్లకోటు

దీనికి నేను సమాధానం చెబుతాను. జూనియర్ లాయర్‌ని, కేసులు తక్కువ, తీరిక ఎక్కువ.

రాష్ట్రం జీవోతో ఇచ్చింది, రాష్ట్రం జీవోతో తీసుకోగలదు. 2022లో ఒక జీవో, 2025లో దాని రద్దు, రేపు ఇంకోటి. ఒకే పిల్ల ఒకటో తరగతి నుంచి అయిదో తరగతికి వచ్చేలోపు బడి స్వరూపం రెండుసార్లు మారిపోయింది. కేంద్ర చట్టంలోని షెడ్యూలులో ఉంటే రాష్ట్రంలో ఏ ప్రభుత్వం వచ్చినా అంతకన్నా కిందికి దిగడానికి వీలుండదు. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్యను రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి తెచ్చారు. అధికారంలో వాటా తీసుకున్న కేంద్రం బాధ్యతలోనూ తీసుకోవాలి కదా. సమగ్ర శిక్షలో మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. టీచర్ల సంఖ్య పెంచమని అడిగితే రాష్ట్రం "డబ్బు లేదు" అంటుంది, కేంద్రం "షెడ్యూలు ప్రకారం సరిపోయారు" అంటుంది. ఇద్దరి మాటా చెల్లుబాటయ్యేది ఆ షెడ్యూలు వల్లే.

ఇక అసలు సంగతి. చట్టంలో 20వ సెక్షన్ చూడండి. షెడ్యూలును మార్చడానికి పార్లమెంటులో సవరణ బిల్లు అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చి అందులో ప్రమాణాలు చేర్చవచ్చు, తీసివేయవచ్చు. నేను మూడుసార్లు చదివాను, అదే ఉంది.

కందుకూరు_బ్యారన్

బిల్లు అక్కర్లేదా? నిజంగా?

ఒంగోలు_నల్లకోటు

అక్కర్లేదు. అందుకే అడగడంలో జాగ్రత్త కావాలి. "షెడ్యూలు మార్చండి" అని రాస్తే, ఉన్నదాన్ని కూడా తీసివేయడానికి అదే సెక్షన్ పనికొస్తుంది. "చేర్చండి" అనే మాటే వాడాలి.

ఇంకో సంగతి, చర్చకు కొంచెం పక్కదారే. చదువు ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 1993లో చెప్పిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల ఫీజుల గొడవలోంచి పుట్టిన తీర్పు అది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల చదువు సంగతి అందులో తేలింది. 2002లో 86వ సవరణతో రాజ్యాంగంలో చదువు హక్కు చేర్చిన 21ఏ అధికరణం, 2010 ఏప్రిల్ 1 నుంచి చట్టం అమలు, అన్నీ ఆ దారిలో వచ్చినవే.

పెన్నా_పాఠకుడు

అందరూ టీచర్ల సంఖ్య దగ్గరే ఆగిపోయారు. అసలు రోగం వేరు. డబ్బున్న పిల్లలకు ఒక బడి, లేని పిల్లలకు ఒక బడి ఉన్నంతకాలం ఏ షెడ్యూలూ పనిచేయదు. కలెక్టరు పిల్లలు, కూలీ పిల్లలు ఒకే బడిలో కూర్చోవాలని కొఠారి విద్యా కమిషన్ 1966లోనే ఉమ్మడి పాఠశాల విధానం అని చెప్పింది. జాతీయ ఆదాయంలో ఆరు శాతం విద్యకు అని కూడా అక్కడి నుంచే వచ్చింది. 1968 విధానం ఆరు శాతం అంది, 1986 విధానం అంది, 2020 విధానం కూడా అంది. మూడు తరాలు ఒకే మాట వింటూ పెద్దవాళ్లయ్యాయి, ఖర్చు మాత్రం ఒక్క ఏడాది కూడా ఆ గీతను ముట్టలేదు. వినతిపత్రంలో అడగాల్సింది అది.

కావలి_నాన్న

అన్నా, ఎంపీ గారి చేతికి "దేశంలో ఉమ్మడి పాఠశాల విధానం కావాలి" అని కాగితం ఇస్తే ఆయన ఫొటో దిగి నవ్వుతారు. "ఫలానా చట్టం, ఫలానా షెడ్యూలు, ఈ వాక్యం చేర్చండి" అంటే కనీసం పక్కనున్న పీఏని అడుగుతారు. నేను వ్యాపారస్తుణ్ని, ఎవరికి ఏ సైజు కాగితం ఇవ్వాలో తెలుసు.

25 శాతం సీట్ల సంగతి కూడా చెబుతాను. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో పేద పిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వాలని 12వ సెక్షన్‌లో ఉంది. మన రాష్ట్రంలో అది అమలుకు వచ్చేసరికి 2022-23 విద్యా సంవత్సరం అయింది. మా అబ్బాయి తరగతిలో అలా వచ్చిన పాప ఉంది. తెలివైన పిల్ల. బడివాళ్లు పుస్తకాలకు ఇంత, యూనిఫారానికి ఇంత అని వాళ్ల నాన్నను తిప్పుతూనే ఉన్నారు. బడి పేరు చెప్పను, మావాడు ఇంకా అక్కడే చదవాలి. ఆ పాపకు హక్కు ఉంది, ఆ హక్కుకు దారి ఖర్చు ఎవరిస్తారు?

పెన్నా_పాఠకుడు

నేను చెప్పిందీ అదేనండీ. మంచి బడి అంటే ప్రైవేటు బడే అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టుంది ఆ సెక్షన్. సరే, సైజు విషయంలో మీ మాటే వింటాను. ఆరు శాతం గురించి వేరే చర్చ మొదలుపెడతాను, అక్కడికి రండి.

రొయ్యల_గుంట

ఆలస్యంగా చూశాను, క్షమించండి. కోత సమయం, రాత్రంతా గుంటల మీదే.

మా వైపు కోస్తాలో రొయ్యల గుంటలకు కాపలా ఉండేవాళ్లలో చాలామంది యానాది గిరిజనులు. కట్ట మీదే గుడిసె, అక్కడే పిల్లలు. గుంట మారితే కుటుంబం మారుతుంది. ఇంకొందరు ఇటుక బట్టీలకు పోతారు, సంక్రాంతి దాటితే ఊళ్లో ఉండరు. మీరు చెప్పే 41, 58, 60 లెక్కల్లో మా పిల్లలు ఉండరు. పేరుంటే మనిషి ఉండడు, మనిషి ఉంటే పేరుండదు.

మా గుంటల దగ్గరి బడిలో ఒక ఏడాది జరిగింది చెబుతాను. జూన్‌లో పిల్లల లెక్క తీశారు. బట్టీలకు పోయిన ఏడు కుటుంబాలు ఇంకా తిరిగి రాలేదు. సంఖ్య తగ్గిందని ఒక టీచర్‌ను వేరే ఊరికి సర్దుబాటు చేశారు. వానలు పడ్డాక కుటుంబాలు వచ్చాయి, పిల్లలు వచ్చారు, టీచర్ రాలేదు. తలల లెక్క మీద టీచర్‌ను ఇస్తే, తిరిగే పిల్లలున్న బడికి ఎప్పుడూ నష్టమే. తరగతి లెక్క మీద ఇస్తే మా పిల్లలు జూన్‌లో వచ్చినా, ఆగస్టులో వచ్చినా అక్కడొక మనిషి ఉంటారు.

ఆధార్ లేదని చేర్చుకోని సందర్భాలూ ఉన్నాయి. ఈ మధ్య ప్రతి పిల్లకూ అపార్ ఐడీ అనే విద్యార్థి గుర్తింపు సంఖ్య అంటున్నారు, దానికీ ఆధారే కావాలి. తల్లికే ఆధార్ లేనిచోట పిల్లకు ఎక్కడిది?

ఒంగోలు_నల్లకోటు

వయసు ధ్రువపత్రం లేదని ఏ బడీ ప్రవేశం నిరాకరించకూడదు, 14వ సెక్షన్. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చే బాధ్యత స్థానిక సంస్థది, 9వ సెక్షన్. ఎవరైనా నిరాకరిస్తే 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు, మూడు నెలల్లో తేల్చాలి. మీకు వీలైతే నాకు విడిగా సందేశం పంపండి, ఫిర్యాదు నేను రాసి పెడతాను. ఫీజు రొయ్యల రూపంలో కూడా స్వీకరిస్తాను.

లెక్కల_మనిషి

రొయ్యల గుంట గారు చెప్పింది నేను ఆలోచించని కోణం. జూన్ లెక్క విషయం నాకు తట్టలేదు.

అయినా 12 మందికి అయిదుగురు అన్నది నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల వాళ్లు చిన్న ఊళ్ల బడుల కోసం కార్డుల పద్ధతి తయారుచేశారు. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతారు, టీచర్ ఒక్కో గుంపు దగ్గరికి తిరుగుతారు. తమిళనాడు అలాంటి కార్డుల పద్ధతినే రాష్ట్రమంతా పెట్టింది. బహుళ తరగతి బోధన అంటే శాపం అని ఎందుకు అనుకోవాలి?

మెట్ట_మాస్టారు

మంచి ప్రశ్న. నేను అలాంటి శిక్షణకు వెళ్లాను, కార్డులూ వాడాను. 20 మందితో, ఇద్దరం ఉన్నప్పుడు అద్భుతంగా నడిచింది. పిల్లలు నా కోసం ఎదురుచూడకుండా నిచ్చెన ఎక్కినట్టు ఎక్కేవాళ్లు. తోటి టీచర్ బదిలీ అయ్యాక నేను ఒక్కణ్నే మిగిలాను. కార్డులు పెట్టెలోకి వెళ్లాయి. ఎందుకంటే ఆ రోజుల్లో నా పని బోధన ఒక్కటే కాదు. గుడ్ల లెక్క, బియ్యం లెక్క, మరుగుదొడ్ల ఫొటో, ఓటర్ల జాబితా. జనగణన, విపత్తు సాయం, ఎన్నికల పనులు తప్ప వేరే పని టీచర్లకు చెప్పకూడదని 27వ సెక్షన్ అంటుంది. అందులో ఫోన్లో ఎక్కించే పనుల పేర్లు లేవు, అయినా అవే ఎక్కువ.

ఇద్దరు అంటే కాగితం మీద ఇద్దరు. ఒకరు సెలవు పెడితే, శిక్షణకు వెళితే, ప్రసూతికి వెళితే మరుక్షణం అది ఏకోపాధ్యాయ పాఠశాల. అందువల్ల మీకొక రాజీ చెబుతాను. అయిదు తరగతులున్న ఏ బడికైనా, పిల్లలెందరున్నా, ముగ్గురికి తగ్గకూడదు. ముప్పై దాటితే తరగతికి ఒకరు. ముగ్గురుంటే ఒకరు లేకపోయినా ఇద్దరు మిగులుతారు. అప్పుడు మీ రిషివ్యాలీ పద్ధతి కూడా బతుకుతుంది.

లెక్కల_మనిషి

ముగ్గురు కనీసం. దీనికి నేను సంతకం పెడతాను. ముప్పై దగ్గర తరగతికి ఒకరు అనే దానికి పెన్సిలుతో పెడతాను.

కావలి_నాన్న

ఒక్క అనుమానం. ఇలా ఒక ఊరి నుంచి కాగితం వెళితే ఢిల్లీలో ఎవరు కదులుతారు? బడి గోడలకు రంగులు వేసిన నాడు-నేడు పథకం 2019 నవంబరు 14న ఒంగోలులోనే మొదలైంది, పెద్ద సభ పెట్టారు. గోడ కనిపిస్తుంది, ఫొటో వస్తుంది. టీచర్ల సంఖ్య ఫొటోలో రాదు.

మెట్ట_మాస్టారు

నాయనా, నువ్వు నెల్లూరు జిల్లావాడివే కదా, దూబగుంట ఎక్కడుందో తెలుసా? తొంభైల మొదట్లో అక్కడి ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ సారా దుకాణం మూయించారు. మొదట వాళ్లు అడిగింది మద్యం విధానం గురించి కాదు, మా ఊళ్లో ఈ దుకాణం వద్దు అని, అంతే. పక్క ఊరు అడిగింది, ఆ పక్క ఊరు అడిగింది, జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ రోజుల్లో నేను వయోజన విద్యా కేంద్రానికి లాంతర్లు మోశాను. గాజు చిమ్నీ పగలగొట్టి ఒకసారి తిట్లు కూడా తిన్నాను.

కందుకూరు_బ్యారన్

అందరికీ ధన్యవాదాలు. పదిహేడూ తీసేశాను. చివరికి ఇలా రాశాను, చూడండి:

"విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు తరగతికి కనీసం ఒక ఉపాధ్యాయుడు ఉండాలని ఉంది. ఒకటి నుంచి అయిదు తరగతులకు ఆ రక్షణ లేదు. 20వ సెక్షన్ కింద నోటిఫికేషన్ ద్వారా షెడ్యూలులో ఈ ప్రమాణం చేర్చేలా కేంద్ర విద్యాశాఖను కోరవలసిందిగా మనవి: అయిదు తరగతులున్న ప్రతి ప్రాథమిక పాఠశాలకు పిల్లల సంఖ్యతో సంబంధం లేకుండా కనీసం ముగ్గురు ఉపాధ్యాయులు, ముప్పై మంది దాటితే తరగతికి ఒకరు. వలస వెళ్లి వచ్చే పిల్లలున్న చోట జూన్ లెక్క ఆధారంగా పోస్టు తీసివేయరాదు. అందుకయ్యే జీతాల్లో కేంద్రం తన వాటా భరించాలి."

2022లో కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు బోర్డులు వారంలో మారాయి. ఈ అయిదు వాక్యాలతో షెడ్యూలు మారడానికి ఎన్నేళ్లు పడుతుందో చూద్దాం.

ఒంగోలు_నల్లకోటు

"మనవి" బాగుంది. చివరి వాక్యాన్ని విడి పేరాగా పెట్టండి, డబ్బు మాట పై పేరాలో కలిసిపోతే ఎవరికీ కనిపించదు.

కనిగిరి_కోడలు

మా కమిటీలో పదకొండు మంది తల్లులం ఉన్నాం. అందరి చేతా సంతకాలు పెట్టించి పంపుతాను. మా టీచర్లకు తెలియకుండానే, పాపం వాళ్లకు ఇబ్బంది ఎందుకు.

రొయ్యల_గుంట

అన్నా, సంతకాల పేజీలో గీతలు దగ్గర దగ్గరగా గీయకండి. మావాళ్లు వేలిముద్ర వేస్తారు, చోటు కావాలి.

కందుకూరు_బ్యారన్

రెండు గీతల మధ్య రెండు వేళ్ల మందం వదిలాను తమ్ముడూ. స్టాంపు ప్యాడ్ మాత్రం మీ వైపు నుంచే తేవాలి, మా ఇంట్లోది ఎండిపోయింది.